చూసి రాసే పిల్లవాడు సొంతంగా రాయాలంటే: ఆరు వారాల పద్ధతి

"మా అబ్బాయి మూడో తరగతి. బోర్డు మీద ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంటాడు. కానీ మన ఇంటి గురించి నాలుగు వాక్యాలు రాయమంటే పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంటాడు. ఏం చేయాలి?" చిన్న చిన్న మార్పులతో ఈ ప్రశ్నను తల్లిదండ్రులూ, కొత్తగా ప్రాథమిక పాఠశాలలో చేరిన ఉపాధ్యాయులూ నన్ను తరచూ అడుగుతుంటారు. విడివిడిగా చెప్పిన జవాబులన్నింటినీ ఒక వరుసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇది రెండు నుంచి నాలుగో తరగతి వరకు చదివే పిల్లల కోసం. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు కేటాయించగలిగితే ఆరు వారాల్లో తేడా కనిపిస్తుంది.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి లోపం అక్షరాల్లో ఉండదు. తాను నోటితో చెప్పే మాటనే కాగితం మీద పెట్టవచ్చునని వారికి ఎవరూ చూపించలేదు. చూచిరాతలో కన్ను, చెయ్యి పని చేస్తే చాలు. ఉక్తలేఖనంలో చెవి కూడా పని చేస్తుంది. సొంత రాతకు మాత్రం చెప్పవలసిన విషయం కావాలి, ఆ విషయాన్ని రాసేదాకా మనసులో నిలుపుకోవాలి. కింది మెట్లన్నీ ఈ రెండింటి కోసమే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష

ఈ పది పదాలను మెల్లగా, ఒక్కొక్కటి రెండుసార్లు పలికి రాయించండి: తల, పాట, మేక, చిలుక, గోడ, అమ్మ, అక్క, బియ్యం, పుస్తకం, చంద్రుడు.

మొదటి ఐదింటిలో మూడు తప్పితే ఇంకా గుణింతాలు కుదరలేదని అర్థం. అప్పుడు రెండు మూడు వారాలు గుణింత పదాలు చదివించి, రాయించి, తర్వాత ఈ పద్ధతికి రండి. అప్పటిదాకా కింది మొదటి రెండు మెట్లను మాత్రం నిరభ్యంతరంగా చేయవచ్చు. మొదటి ఐదూ సరిగ్గా రాసి, చివరి ఐదింటిలో ఒత్తులు తప్పితే ఆగవలసిన పని లేదు, రేపే మొదలుపెట్టండి. ఒత్తులన్నీ వచ్చాకే వాక్యాలు రాయించాలనే నియమం పెట్టుకున్న ఇళ్లలో నాలుగో తరగతి దాటినా పిల్లలు సొంత వాక్యం రాయకపోవడం నేను చూశాను. ఒత్తులు రాతతో పాటే కుదురుతాయి.

కావలసినవి

వంద పేజీల గీతల నోటుపుస్తకం ఒకటి, జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి, రెండు పెన్సిళ్లు, పలక, బలపం, పెద్దగా రాసి చూపడానికి బోర్డు. బోర్డు లేకపోతే పాత క్యాలెండరు కాగితాల వెనుక వైపు చక్కగా సరిపోతుంది, నేల మీద సుద్దముక్కతోనైనా రాయవచ్చు. చిన్న పుస్తకానికి "మాటల పుస్తకం" అని పేరు పెట్టి, పిల్లవాడి చేతనే అట్ట మీద రాయించండి.

పక్కన పెట్టవలసినవి మూడు: ఎర్ర పెన్ను, గైడు, రబ్బరు. రబ్బరు విషయంలో చాలామంది ఆశ్చర్యపోతారు. అది చేతిలో ఉన్న పిల్లవాడు ఒకే మాటను ఐదుసార్లు చెరిపి రాస్తాడు, ఆలోగా చెప్పదలచిన వాక్యం మరిచిపోతాడు. తప్పు అనిపించిన మాట మీద అడ్డంగా ఒక గీత గీసి ముందుకు పొమ్మనండి.

మెట్లు

1. ముందు మాట్లాడించండి. "ఈ రోజు బడిలో ఏం జరిగింది?" అని అడిగితే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది, ఎందుకంటే ప్రశ్న మరీ పెద్దది. చిన్నది అడగండి: "మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టారా? నీ గుడ్డు ఒలవడానికి తేలిగ్గా వచ్చిందా?" "వాన పడినప్పుడు మీ తరగతిలో ఎవరు ఎక్కువ తడిశారు?" పిల్లవాడు చెబుతుంటే మధ్యలో భాష దిద్దకండి. ఐదు నిమిషాలు చాలు. చెప్పిన వాటిలో ఏ సంగతి దగ్గర గొంతు పెరిగిందో, చేతులు ఊగాయో గమనించండి. ఆ రోజు రాత దాని మీదే.

2. అతడు చెప్పినది మీరు రాయండి. మూడు, నాలుగు రోజులు పెన్సిలు మీ చేతిలోనే ఉండాలి. అతడు ఒక వాక్యం చెప్పగానే, ప్రతి మాటనూ పలుకుతూ పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసి, అతడి చేతనే చదివించండి. ఇక్కడ ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. పిల్లవాడు "మా తాత మేకలను తోలుకపోయిండు" అంటే అలాగే రాయండి. "తోలుకెళ్లాడు" అంటే అలాగే, "తోలుకొని పోయినాడు" అంటే అలాగే. మీరు దాన్ని "తాతగారు మేకలను తోలుకొని వెళ్లిరి" అని మార్చి రాసిన క్షణంలో అది అతడి వాక్యం కాకుండా పోతుంది, చదవమన్నప్పుడు తడబడతాడు. పుస్తక భాష అవసరమే, కానీ దాని వంతు చివరి వారాల్లో వస్తుంది. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనే మన బడుల్లో పిల్లవాడి ఇంటి మాటను ఒక వారం పాటు బోర్డు మీద ఉండనివ్వడం పెద్ద విషయం కాకూడదు.

ఇంట్లో గోండి, కోయ, లంబాడీ, ఉర్దూ వంటి వేరే భాష మాట్లాడే పిల్లలైతే మొదటి మెట్టులో ఆ భాషలోనే చెప్పనివ్వండి, తర్వాత ఇద్దరూ కలిసి తెలుగు మాటలు వెతకండి. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఫోనులో అమ్మమ్మతోనో తాతయ్యతోనో మాట్లాడిన మాటలే మొదటి వాక్యాలుగా బాగా పనికివస్తాయి. వారు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటే తొలి రోజుల్లో కోప్పడకండి, పక్కనే తెలుగు లిపిలో మీరు రాసి చూపండి.

3. పెన్సిలును కొద్దికొద్దిగా అప్పగించండి. రెండో వారం మొదట వాక్యంలో ఒక మాట మాత్రం అతడికి వదలండి: "మా మేక పేరు ______." మర్నాడు రెండు మాటలు, ఆ మర్నాడు వాక్యం మొదలు మాత్రమే మీది: "అది రోజూ ______." ఖాళీలు నింపించడం వారం దాటనివ్వకండి. దాటితే అది చేతికర్ర అవుతుంది, మీరు మొదలు పెట్టనిదే అతడు రాయడు.

4. బొమ్మ గీయించి, బొమ్మ నుంచి రాయించండి. ఇల్లు, చెట్టు, సూర్యుడు అనే అలవాటైన బొమ్మ వద్దు. నిన్న జరిగిన ఒక సంగతిని గీయమనండి. గీసిన వాటి పక్కన పేర్లు రాయించి, ఆ తర్వాత ఒక్కొక్క పేరును వాక్యం చేయించండి. బొమ్మ దగ్గర ఉన్నంతసేపు చెప్పవలసిన విషయం కాగితం మీదే ఉంటుంది కాబట్టి మరిచిపోయే బెంగ ఉండదు. గీయడం ఇష్టపడని పిల్లలకు చేతిలో ఒక వస్తువు పెట్టండి: చింతకాయ, అరిగిపోయిన చెప్పు, ఖాళీ అగ్గిపెట్టె. అరిగిన చెప్పు మీద పిల్లలు రాసినంత ఆసక్తిగా "నెమలి" మీద రాయరు.

5. ప్రశ్నలతో వాక్యాన్ని పెంచండి. పిల్లవాడు "కుక్క వచ్చింది" అని రాశాడనుకోండి. "ఎవరి కుక్క?" అని అడగండి. "పక్కింటివాళ్ల కుక్క వచ్చింది." "ఎక్కడికి?" "పక్కింటివాళ్ల కుక్క మా వాకిట్లోకి వచ్చింది." "అప్పుడు మీరేం చేస్తున్నారు?" "రాత్రి మేము అన్నం తింటుంటే పక్కింటివాళ్ల కుక్క మా వాకిట్లోకి వచ్చింది." తెలుగులో క్రియ మామూలుగా చివరన ఉంటుంది కనుక కొత్త మాటలన్నీ దాని ముందే చేరుతాయి. ఈ సంగతిని వ్యాకరణంగా చెప్పకండి. మాటలను చీటీల మీద రాసి, "వచ్చింది" అనే చీటీని కుడి చివర పెట్టి, మిగిలిన చీటీలను దాని ముందు పేర్పించండి. రెండు రోజుల్లో అతడే పట్టుకుంటాడు. ఒక రాతలో ఒక్క వాక్యాన్ని మాత్రమే ఇలా పెంచండి. అన్నింటినీ పెంచబోతే పోలీసు విచారణలా తయారవుతుంది.

6. వాక్యాలను కలపడం చూపండి. "లేచాను. తర్వాత పళ్లు తోముకున్నాను. తర్వాత స్నానం చేశాను. తర్వాత బడికి వచ్చాను." ప్రతి పిల్లవాడూ ఈ దశ దాటుతాడు. "తర్వాత"లన్నీ కొట్టేయించి, "లేచి, పళ్లు తోముకుని, స్నానం చేసి బడికి వచ్చాను" అని పలికించండి, ఆ తర్వాతే రాయించండి. పనులన్నీ ఒకరే చేస్తేనే ఇలా కలపడం బాగుంటుంది. "అమ్మ పిలిచి నేను వెళ్లాను" అని రాస్తే "అమ్మ పిలిస్తే నేను వెళ్లాను" అని చెప్పి చూపండి. చెవికి వెంటనే తేడా తెలుస్తుంది.

7. ఆగకుండా రాయించండి. నాలుగో వారం నుంచి రోజూ పది నిమిషాలు అతడు ఒక్కడే రాయాలి. ముందు మాట్లాడించండి, కానీ రాత మొదలయ్యాక మీరు నోరు విప్పవద్దు. రాయడం తెలియని మాట వస్తే వినిపించినట్టు రాసి, చుట్టూ సున్న చుట్టి, ముందుకు పోవాలి. రాయడం అయ్యాక ఆ సున్నలలోని మాటల్లో మూడింటిని మాత్రమే సరిగ్గా రాసి చూపండి. వాటిని అతడు మాటల పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. మూడుకు మించితే ఆ పుస్తకం ఎవరూ తెరవని నిఘంటువు అవుతుంది.

8. రాసినదాన్ని పైకి చదివించండి. వినడానికి మీరు కాకుండా మరొకరు ఉంటే మంచిది: చెల్లెలు, నాయనమ్మ, పక్క బెంచీ స్నేహితుడు. విన్నవారు ఒక్క ప్రశ్న అడగాలి, ఆ ప్రశ్నకు జవాబును పిల్లవాడు రాతలో చేర్చాలి. ముప్పై మంది ఉన్న తరగతిలో ఇద్దరిద్దరిని జతలు చేస్తే ఈ పని ఐదు నిమిషాల్లో అవుతుంది, పైగా మీరు దిద్దవలసిన భారం సగం తగ్గుతుంది.

9. వారానికి ఒకే ఒక్క రాతను శుభ్రంగా తిరిగి రాయించండి. ఏది రాయాలో అతడే ఎంచుకోవాలి. దస్తూరి మీద శ్రద్ధ పెట్టవలసిన రోజు ఇదే, రబ్బరు బయటికి తీయవలసిన రోజు కూడా ఇదే. రాసిన కాగితాన్ని గోడకు అంటించండి. ఎడమ చేత్తో రాసే పిల్లలను కుడి చేతికి మార్చకండి, పుస్తకాన్ని కొంచెం వాలుగా పెట్టుకోనిస్తే సరిపోతుంది.

తప్పులు దిద్దడం: ఒక వారానికి ఒక రకం

అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఐదు వాక్యాల్లో పదిహేను తప్పులు ఉంటే పదిహేనూ చూపించాలని చెయ్యి ఊరుకోదు. అలా చూపిస్తే పిల్లవాడు మర్నాడు మూడే వాక్యాలు రాస్తాడు, అవి కూడా తప్పు రాని మాటలతో. అందుకని ఒక వారం ఒక రకం తప్పును మాత్రమే పట్టించుకోండి. మిగిలినవి కనబడినా కనబడనట్టు ఉండండి. కష్టమే, అయినా ఉండండి. ఏ వరుసలో పట్టించుకోవాలన్నది కింద చెబుతున్నాను.

మొదట దీర్ఘాలు. "పాట" బదులు "పట", "కాలు" బదులు "కలు" అని రాస్తే అర్థమే మారుతుంది. "మేక"ను "మెక" అనీ "గోడ"ను "గొడ" అనీ రాయడం కూడా ఈ రకమే. అతడు రాసినదాన్ని రాసినట్టే చదివి వినిపించండి. "నేను పట పాడాను" అని మీరు చదివితే తనే నవ్వి దిద్దుకుంటాడు.

తర్వాత ఒత్తులు. "అమ", "బియం", "పుసకం" అని రాసేవారికి ఒత్తు గుర్తు తెలియక కాదు, ఆ మాటను విడదీసి వినడం రాక. చప్పట్లతో అమ్-మ, బియ్-యం, పుస్-తకం అని విడదీయించండి. మొదటి ముక్క చివర ఆగిన శబ్దానికి తర్వాతి శబ్దం ఒత్తుగా చేరుతుందని అప్పుడు పలక మీద చూపండి.

అక్షర రూపాల్లో రెండు చోట్ల పిల్లలు తరచూ బోల్తా పడతారు, ఆ తప్పు వారిది కాదు. చాలా అక్షరాలకు కొమ్ము కుడిపక్కన చేరుతుంది, ప, ఫ, వ లకు మాత్రం కిందికి దిగి ఉంటుంది. అలా దించకపోతే "వు" చూడడానికి "మ"లా అవుతుంది. రెండోది, కొ, గొ, తొ లలో ఒత్వం అక్షరం నెత్తిన కూర్చుంటుంది, మొ, యొ లలో ఎత్వం పైన పెట్టి పక్కన కొమ్ము కలపాలి. ఈ రెండింటినీ ఒకసారి విడిగా చూపితే చాలు, నెలల తరబడి నడిచే తప్పు పోతుంది.

ఆ తర్వాత మాటల మధ్య ఖాళీ, చివర చుక్క. "బడి కి", "ఇంటి లో" అని విభక్తిని విడగొట్టడం, లేదా వాక్యమంతా ఒకే మాటగా అంటించడం మామూలుగా కనిపిస్తాయి. చిటికెన వేలు పట్టేంత ఖాళీ అని కొలత చెప్పండి. కి, లో, తో ముందు మాటను వదలవని పది ఉదాహరణలు చూపండి. చుక్క ఎక్కడ పెట్టాలో తెలియకపోతే పైకి చదివించి, గొంతు దిగిన చోట పెట్టమనండి.

ద-ధ, బ-భ, ల-ళ, న-ణ, శ-ష-స తేడాలను చిట్టచివరికి ఉంచండి. చాలా ఇళ్లలో మాటల్లో ఈ తేడా వినబడదు, వినబడని దాన్ని చెవితో పట్టుకోమనడం న్యాయం కాదు. ఇవి కంటితో, అంటే పుస్తకాలు చదివే కొద్దీ, కుదురుతాయి. మూడో తరగతిలో "దనం" అని రాసిన పిల్లవాడు ఆ మాట వాడాడని ముందు సంతోషించండి.

పెద్దలు చేసే తప్పులు

తప్పు రాసిన మాటను వందసార్లు రాయించడం ఇప్పటికీ మానలేదు. అలా శిక్ష పడిన పిల్లవాడి పుస్తకం ఒకసారి దగ్గరగా చూడండి: పైనుంచి కిందికి "పు" అంతా ఒక వరుస, దాని పక్కన "స్త" అంతా ఒక వరుస, ఆపైన "కం" ఒక వరుస. అతడు మాట రాయలేదు, గోడ కట్టాడు. రాయడం శిక్షగా మారిన ఇంట్లో పై తొమ్మిది మెట్లూ పనిచేయవు. శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని కూడా గుర్తుంచుకోండి.

రెండోది గైడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర "స్వీయరచన" అనే భాగం ఉంటుంది. ఆ జవాబు కూడా గైడులోంచో బోర్డు మీదినుంచో దించుకుంటే అందులో "స్వీయ" ఏమీ మిగలదు. ఆవు వ్యాసం ఒక్కటే వచ్చిన కుర్రవాడు ఏ ప్రశ్న ఇచ్చినా దాన్ని తీసుకెళ్లి ఆవుకు కట్టేసిన కథ చెప్పుకుని మనం నవ్వుకుంటాం, కానీ ఆ కుర్రవాడికి ఆవు వ్యాసం బట్టీ పట్టించింది మనమే.

ఫలితం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మొదటి వారం కాగితాన్ని తేదీ వేసి దాచండి. ఆరో వారం చివర ముందుగా మాట్లాడించకుండా కొత్త విషయం ఒకటి ఇవ్వండి, ఉదాహరణకు "మా ఇంట్లో పాడైపోయిన ఒక వస్తువు". పది నిమిషాలు ఇచ్చి దూరంగా కూర్చోండి. తర్వాత ఈ కింది వాటిని చూడండి.

రెండు నిమిషాల్లోపు రాయడం మొదలుపెట్టాడా? కనీసం ఐదు వాక్యాలు వచ్చాయా? వాటిలో ఇంకొక పిల్లవాడు రాయలేని వాక్యం ఒక్కటైనా ఉందా? "ఫ్యాను మంచిది, ఫ్యాను గాలి ఇస్తుంది" అన్నది ఎవరైనా రాస్తారు. "మా ఫ్యాను తిరగాలంటే నాన్న కర్రతో పొడవాలి" అన్నది ఆ ఇంటి పిల్లవాడే రాయగలడు. అలాంటి వాక్యం ఒక్కటి ఉన్నా, ఒత్తులు నాలుగు తప్పినా, పద్ధతి పట్టాలెక్కినట్టే. చివరగా, మూడు రోజుల తర్వాత ఆ కాగితాన్ని అతడి చేతే చదివించండి. తన రాతను తనే తడబడకుండా చదవగలగాలి.

మొదలుపెట్టడం ఆలస్యమైతే మొదటి మెట్టుకు తిరిగి వెళ్లండి. వాక్యాలన్నీ పొట్టిగా ఉంటే ఐదో మెట్టును మరో రెండు వారాలు చేయండి. తన రాత తనే చదవలేకపోతే లోపం దీర్ఘాలలోనో, ఒత్తులలోనో, మాటల మధ్య ఖాళీలలోనో చూసి ఆ ఒక్కటే పట్టుకోండి. ఆరు వారాలు క్రమం తప్పకుండా చేసినా ఏమీ కదలకపోతే, ముందుగా కంటి పరీక్ష చేయించండి. బోర్డు సరిగా కనబడని సంగతి పిల్లలు తమంతట తాము చెప్పరు. చూపు బాగుండి, మాటల్లో చురుగ్గా ఉండి, రాతలో మాత్రం అక్షరాలు తరచూ తారుమారవుతుంటే పిల్లల అభ్యసన ఇబ్బందులను చూసే నిపుణులకు చూపించండి. వెళ్లేటప్పుడు మొదటి వారం కాగితాన్నీ, ఆరో వారం కాగితాన్నీ వెంట తీసుకెళ్లండి.